కారుచవక

"బండి కొత్తదా, పాతదా?" అడిగాడు రవాణా ఆఫీసు కౌంటరు వెనకాల గుమాస్తా.

శ్రీవారు కాగితాలు సర్దుతూ ఓరకంట చూశాడు. పక్కనే శ్రీమతి నిలబడి ఉంది. పుట్టినరోజు కానుక కాబట్టి కారు ఆవిడ పేరున రిజిస్టరు కావాలి. సంతకం ఆవిడే పెట్టాలి. అందుకే వెంట తేక తప్పలేదు. షోరూములో కొన్న సరికొత్త బండి అని ఆవిడకు చెప్పాడు. నిజానికది ఎర్రరంగు తళతళకు మోజుపడి, కాగితాలైనా చదవకుండా ఒక బ్రోకరు దగ్గర కారుచవకగా కొన్న కారు.

"కొత్తగా కొన్నదండీ," అన్నాడు, అబద్ధం కాకుండా, నిజమూ కాకుండా.

"కొత్తగా కొన్నారా, కొత్తది కొన్నారా? షోరూము బండికి తనిఖీ అక్కర్లేదు. ఇంకొకరు వాడిన బండైతే ఇన్‌స్పెక్టరు గారు చూడాల్సిందే."

కొత్తదంటే గుమాస్తాతో తంటా, పాతదంటే ఇంటావిడతో తంటా. శ్రీవారికి ముందు నుయ్యి, పక్కన గొయ్యి.

"చెప్పండి, నోట్లోంచి ముత్యాలేమైనా రాలతాయా?" అంది శ్రీమతి చల్లగా. "మా తమ్ముడి బండిలాంటిది కాదని నిన్నంతా ఊదరగొట్టారుగా!"

బావమరిది పేరెత్తగానే శ్రీవారిలో అహంకారం హారన్ కొట్టింది. "ఆ డొక్కుతో దీనికి పోలికా? మూలన పడున్న తుక్కుని నాకు అంటగట్టబోయాడు. ఊరికే ఇస్తానన్నా దాని మొహం చూశానా నేను?"

"చూళ్ళేదు. మరి బంగారానికి గీటురాయంటే భయమెందుకు? తనిఖీ చేయించెయ్యండి."

"అదే! కొత్తదైనా సరే, నేనే కోరి తనిఖీ చేయిస్తున్నానండీ," అంటూ శ్రీవారు గుమాస్తాకు కన్ను కొట్టాడు. కార్ల కూతలూ, మొగుళ్ళ కోతలూ రోజంతా వినే మనిషి, అర్థం చేసుకున్నాడు. "కోరి చేయించుకునేవాళ్ళు వెనక ఆవరణలోకి," అని కాగితాలు అటు తోశాడు.

ఆవరణలో ఇన్‌స్పెక్టరు కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. దీపాలు వెలిగాయి. హారన్ మోగింది. బ్రేకు నొక్కితే బండి బుద్ధిగా ఆగింది.

శ్రీవారు ఆయన్ని పక్కకు పిలిచాడు. "సార్, నమస్కారం. ఒక్క ఉపకారం. పాతదన్న మాట మా ఆవిడ ముందు అనకండి. కారు గొడవ కాపురం దాకా వస్తుంది."

"నాకూ పెళ్ళయింది లెండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇంజను నంబరు ఒక్కటీ చూసి పంపించేస్తా. బానెట్ తెరవండి."

శ్రీవారు లోపల మీట లాగాడు. టిక్కుమంది గానీ బానెట్ కదల్లేదు. బయటికొచ్చి లాగాడు, గుంజాడు, బతిమాలాడు. ధారగా చెమట కారింది.

"కొత్తది కదండీ, బిగువు," అన్నాడు శ్రీమతి వినేలా.

ఇన్‌స్పెక్టరు కూడా ఓ పట్టు పట్టి వదిలేశాడు. "నంబరు చూడందే పాస్ చెయ్యలేనండీ. మెకానిక్కుకు చూపించి ఇంకోసారి తీసుకురండి."

మెకానిక్కు దగ్గరికెళితే కారు వయసుతో సహా గుట్టంతా బయటపడుతుంది! శ్రీవారి మొహం మీద కారుమబ్బులు కమ్ముకున్నాయి.

"ఇది కాస్త పట్టుకోండి," అంటూ శ్రీమతి హ్యాండ్‌బ్యాగు ఆయన చేతికిచ్చింది. "జరగండి."

కారు ముందు నిలబడి, ఎడమ దీపం పక్కన మోకాలితో ఒక్క పోటు పొడిచింది. అంచు కింద రెండు వేళ్ళు దూర్చి కాస్త పక్కకు నెట్టింది. ఠప్పున లేచింది బానెట్. బోడిగుండుకూ మోకాలికీ ముడిపడదంటారు గానీ, బానెట్‌కూ మోకాలికీ భలే ముడి ఉంది.

ఇన్‌స్పెక్టరు నోరు కూడా తెరుచుకుంది. నంబరు చూసుకుని, "పాస్," అన్నాడు. తర్వాత ఉండబట్టలేక అడిగేశాడు. "సరికొత్త బండి కిటుకు మీకెలా తెలిసిందమ్మా?"

శ్రీమతి చేతులు దులుపుకుని, హ్యాండ్‌బ్యాగు కోసం శ్రీవారి వైపు చెయ్యి చాపింది.

"మా తమ్ముడి బండి కిటుకు నాకు తెలీదా అండీ? ఊరికే ఇస్తానంటే ఈయన దాని మొహం కూడా చూడనన్నారని, ఎర్రరంగు వేయించి బ్రోకరు చేత అమ్మించాం!"