ఆదివారం ముక్క

"సరిగ్గా ముప్పై గ్రాములు. తిను అన్నయ్యా."

తమ్ముడు చిన్న తక్కెడలోంచి కేకు ముక్క తీసి సాసర్‌లో పెట్టాడు. కాటాలు బాగుచేసే షాపులో పదిహేనేళ్లుగా మెకానిక్ అతను. ముల్లు కాస్త పక్కకు జరపమని దుకాణాలవాళ్లు ఎంత ఆశపెట్టినా లొంగని మనిషి. బజారులో అందరూ 'ధర్మకాటా' అనే పిలుస్తారు.

అన్న చెయ్యి చాపలేదు. "వద్దురా. ఈ ముక్కే మన కొంప ముంచుతోంది."

"వారానికొకటి తినొచ్చని ఆసుపత్రి డైట్ మేడమే చెప్పిందిగా. నోరు పూర్తిగా కట్టేసుకుంటే ఏదో ఒకరోజు తెగబడి గిన్నెలన్నీ ఖాళీ చేస్తావట."

ఆ మాటా నిజమే. అన్న సిటీ బస్సు డ్రైవరు, తిండి దగ్గర మొహమాటం ఎరగడు. అలాంటివాడు నాలుగు నెలలుగా ఉడకబెట్టిన కూరముక్కలతో బతుకుతున్నాడంటే అందం కోసం కాదు. తమ్ముడి కాలేయం చెడిపోయింది. అందులో ముక్క కోసి ఇవ్వడానికి ఇంట్లో రక్తం కలిసింది అన్న ఒక్కడిదే. తీరా చూస్తే అతని కాలేయానికి కొవ్వు పట్టింది.

"తొంభై రెండు కిలోలున్నారు. ఎనభైకి దిగిన రోజు ఫోన్ చెయ్యండి, ఆపరేషన్ సంగతి చూద్దాం," అన్నాడు డాక్టరు.

తమ్ముడు షాపు నుంచి ముల్లు కాటా ఒకటి తెచ్చి గది మూలన పెట్టాడు. రెండు నెలల్లో ఎనిమిది కిలోలు ఇట్టే తగ్గాయి. ఆ ఊపులో అందరూ వెళ్లి డాక్టరు దగ్గర కాగితాలు కూడా నింపి వచ్చారు.

"ఇచ్చేవాడికేం ప్రమాదం ఉండదుగా సార్?" అని ఆ రోజు తమ్ముడే అడిగాడు.

"చాలా తక్కువ. కొన్ని వందల మందిలో ఎవరో ఒకరికి," అన్నాడు డాక్టరు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అన్న భార్య గొంతు తగ్గించి అడిగింది. "ఆ ఒక్కరూ మీరే అయితే?"

"నోర్ముయ్," అన్నాడు అన్న. ముందు సీట్లో తమ్ముడు, నిద్రపోతున్న అన్న కూతుర్ని ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాతే ముల్లు మొండికేసింది. ఎనభై నాలుగు. ఎనభై మూడు. మళ్లీ వారం ఎనభై మూడే. పొద్దున్నే నాలుగు మైళ్లు నడిచినా, రాత్రి పస్తు పడుకున్నా అంతే.

"ఏం గురూ, స్టీరింగ్ దూరం జరిగిందా, నీ పొట్టే లోపలికి జరిగిందా?" అని కండక్టరు వేళాకోళం చేశాడు. అన్నకు నవ్వు రాలేదు.

"మీరు బాగా చిక్కిపోయారండీ. బెల్టుకి రెండు కొత్త కన్నాలు పడ్డాయి. ఒక ముద్ద తినండి," అంది భార్య.

"బెల్టు సాగుతుంది వదినా. ముల్లు సాగదు," అన్నాడు తమ్ముడు.

అప్పుడు పుట్టింది అన్నకు అనుమానం. తినమని పోరుతున్నది ఎవరు? వండుతున్నది ఎవరు? ఆ సాయంత్రం కూర గిన్నె విసిరికొట్టాడు.

"ఇందులో నూనె పోస్తున్నావు కదూ! నీ మొగుడు నీకుంటే చాలు, వాడు ఏమైపోయినా నీకు పట్టదు!"

ఆమె ఏడవలేదు. కూరగాయల బుట్ట తెచ్చి అతని ముందు పెట్టింది. "రేపటి నుంచి మీరే వండుకోండి," అని లోపలికి వెళ్లిపోయింది.

"వదిననేం అనకు అన్నయ్యా," అన్నాడు తమ్ముడు. "తప్పు ఎవరిదైనా ఉంటే నాదే. కేకు పెడుతున్నది నేనే కదా."

అన్న తనే ఉడకబెట్టుకున్నాడు. ముల్లు మాత్రం ఎనభై మూడు దాటి కిందికి రాలేదు. తమ్ముడి కళ్లు పచ్చబడ్డాయి. పొట్ట ఉబ్బింది, కాళ్లు పుల్లలయ్యాయి. అయినా ఆదివారం వచ్చేసరికి మంచం మీదే తక్కెడ పెట్టుకుని కూర్చునేవాడు.

ఆఖరి ఆదివారం అతని చేతిలో కత్తి జారి ముక్క పెద్దది తెగింది. "ఈసారికి ఎక్కువే తినెయ్యి," అన్నాడు. అన్న తినకుండా వెళ్లి కాటా ఎక్కి చూసి వచ్చాడు.

"ఇంకో మూడు కిలోలేరా. మూడంటే మూడు. కాస్త ఓపిక పట్టరా," అన్నాడు.

"పడతాలే. ముందు నువ్వది తిను."

ఏడుస్తూనే తిన్నాడు. గురువారం ఆసుపత్రిలో తమ్ముడు పోయాడు.

పది రోజులు ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేవు. పదకొండో రోజు ఉదయం అన్న అలవాటు కొద్దీ కాటా ఎక్కాడు. ఎనభై మూడు. తిండిపోతు వెధవా, నీ నోరు కట్టుకోలేక తమ్ముణ్ణి చంపుకున్నావు, అని తనను తానే తిట్టుకున్నాడు. తమ్ముడి పనిముట్ల పెట్టె తీసుకుని షాపుకి బయల్దేరాడు.

షాపు యజమాని పెట్టెను రెండు చేతులతో అందుకున్నాడు. "బంగారంలాంటి పనివాడు బాబూ. అదిగో, ఆ పెద్ద కాటాయే వాడు చేసిన ఆఖరి పని. పొద్దున్నే తూనికరాళ్లతో తూచి చూశాను. గ్రాము తేడా వస్తే చెవి కోసిస్తా."

అన్న ఆ కాటా దగ్గరికి వెళ్లి దాని అంచు నిమిరాడు. తమ్ముడి చెయ్యి పడ్డ ఇనుము. నాలుగు నెలల అలవాటు, కాళ్లు వాటంతటవే పైకెక్కాయి. ముల్లు ఒకసారి ఊగింది. అతని కళ్లు ఎనభై మూడు కోసం వెతికాయి.

ముల్లు డెబ్బై ఆరు దగ్గర ఆగింది.