కారు దగ్గు

"ఇంత మసి పట్టిన స్పార్క్ ప్లగ్గులతో బండి దగ్గక పాటలు పాడుతుందా అమ్మా?" అంటూ మెకానిక్ కొత్తవి బిగించి, ఇంటిముందే కారు స్టార్ట్ చేశాడు. ఇంజను బుద్ధిగా ఆడింది.

హమ్మయ్య అనుకుంది కోడలు. భర్త పోయాక, అతని కారులో తను ఇంటికొచ్చినప్పుడల్లా ఆ దగ్గు విని "అబ్బాయొచ్చాడు" అంటూ అత్తగారు గేటు దాకా పరుగెత్తుతోంది.

అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. "దగ్గు మాన్పించావా?"

"మీకోసమే అత్తయ్యా. మిమ్మల్నలా చూడలేకపోతున్నాను."

"వాడు లేడని నాకు తెలియదటే పిచ్చిదానా? ఆ దగ్గు వింటే, గేటు దాకా వెళ్లేంతసేపైనా వాడు ఉన్నట్టే ఉండేది."

కోడలు మెకానిక్ వైపు తిరిగింది. "పాత ప్లగ్గులే మళ్లీ బిగించు."

"బండి మళ్లీ దగ్గుతుందమ్మా!"

"దగ్గనీ."