నూట పద్నాలుగో వరుస

"నూట పద్నాలుగో వరుస తప్పు రాసిన సార్," అంది భూలక్ష్మి.

పట్టాభిరామయ్య తలెత్తలేదు. ఆ ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో డిజైను విభాగానికి ఆయనే పెద్ద ఇంజనీరు. ఆయన బల్లమీద పొద్దున టైపు చేసి పెట్టిన కాగితం ఒకటి సంతకం కోసం ఎదురుచూస్తోంది. అది భూలక్ష్మి పర్మనెంటు ఆర్డరు.

"ఏమైంది?"

"డ్రాయింగుల రెండు గీతలు ఒకదాన్నొకటి దాటిపోయినయ్ సార్. ఆడ చుక్క లేదు. కలిసినయనుకొని రాసిన."

ఆమె పని అదే. సర్క్యూట్ డ్రాయింగు ముందేసుకుని, ఏ పిన్ను నుంచి ఏ పిన్నుకు తీగ వెళ్లాలో ఒక్కొక్కటే పట్టీ రాయాలి. గీతలు కలిసేచోట చుక్క ఉంటే రెంటినీ కలపాలి. చుక్క లేకపోతే ఒకదాని మీంచి ఒకటి దాటిపోయినట్టు. ఈసారి డ్రాయింగు ఆసుపత్రిలో రోగి మంచం పక్కన పెట్టే యంత్రానిది. గుండె తడబడితే దాని గంట మోగాలి. తొమ్మిది రోజులు స్కేలు పెట్టి, నాలుగు వందల పన్నెండు వరుసలు రాసింది. ఇప్పుడు బస్సులో కళ్లు మూసుకున్నా గీతలే కనిపిస్తున్నాయి.

గుమ్మం దగ్గర నిలబడ్డ వీరేశం నెత్తి కొట్టుకున్నాడు. పట్టీ చూసి పిన్నులకు తీగలు చుట్టేది అతనే.

"సంతకం పెట్టే దినమే యాదికొచ్చిందా బిడ్డా?" అన్నాడు మెల్లగా. "ఒక్క తప్పుకే పోయినేడు పట్టీలు రాసే నీలమ్మను తీసేసిండ్రు. జర నోరు మూసుకుంటే ఏం పోతుండె?"

"గంట మోగకపోతే?" అంది భూలక్ష్మి, అతని వైపు చూడకుండా.

మూడేళ్లుగా ఆమె టెంపరరీ. ఈ ఆర్డరు తప్పిపోతే మళ్లీ పిలుస్తారన్న ఆశ లేదు. ఆ సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు.

పట్టాభిరామయ్య కళ్లజోడు సర్దుకున్నాడు. ఆయనకు కోపం రాలేదు. పైగా కొంచెం నవ్వాడు.

"కూర్చో అమ్మా. ముందు ఇది చూడు."

బల్ల పక్కనుంచి మడతల కాగితం పైకి లాగాడు. అది నేలదాకా వేలాడింది. కొత్తగా వచ్చిన కంప్యూటరు అచ్చు వేసిన పట్టీ అది.

"ఇదే డ్రాయింగుని ఆ కంప్యూటరుకీ ఇచ్చాం. పంచింగ్ గదిలో రత్నమాల రెండు రోజుల్లో కార్డులకు చిల్లులు కొట్టింది. యంత్రం చదివేది ఆ చిల్లులనే. నేను యంత్రం ముందు కూర్చుని ఒక్క వరుస ఆజ్ఞ టైపు చేశాను. నాలుగు నిమిషాల్లో పట్టీ మొత్తం బయటికొచ్చింది. రాత్రి కూర్చుని నీ పట్టీతో పోల్చి చూశాను. నాలుగు వందల పన్నెండు వరుసలూ కలిశాయి."

"నూట పద్నాలుగు కూడానా సార్?"

ఆయన వేలుపెట్టి చూపించాడు. ఆమె రాసినట్టే ఉంది. అవే రెండు పిన్నులు.

"కానీ డ్రాయింగుల చుక్క లేదు సార్."

"తొమ్మిది రోజులు చూసి చూసి అలిసిపోయావమ్మా. యంత్రానికి అలుపుంటుందా? నువ్వు వేరే, అది వేరే. ఇద్దరూ విడివిడిగా ఒకే చోట ఒకే తప్పు చేస్తారా? చెప్పు."

భూలక్ష్మి డ్రాయింగును ఆయన ముందుకు జరిపింది.

ఆయన డ్రాయింగు పరిచి భూతద్దం పెట్టి చూశాడు. చుక్క లేదు. "గీసినవాడు మరిచిపోయాడు," అని పెన్ను తీసి, రెండు గీతలు దాటుకునే చోట గుండ్రంగా చుక్క పెట్టాడు. పక్కన పొట్టి సంతకం, తేదీ వేశాడు. అదే పెన్నుతో ఆమె ఆర్డరు మీద కూడా సంతకం పెట్టి అందించాడు.

"యంత్రమే సాక్ష్యం చెప్పినంక ఇగ ఫికర్ ఏంది?" అన్నాడు వీరేశం ఊపిరి పీల్చుకుని. "నేను పోయి తీగలు చుడతా. మిఠాయి మర్వకు."

అతను వెళ్లిపోయాడు. వరండాలో భూలక్ష్మి ఆర్డరును నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుంది. సంతోషం రావాల్సిన చోట ఒట్టి అలసట ఉంది. నిజంగానే తన కళ్లు చెడిపోయాయా? అక్కడ కలవాల్సిందేనని తను తొమ్మిది రోజుల్లో చూడలేనిది ఆ యంత్రం నాలుగు నిమిషాల్లో ఎలా కనిపెట్టింది? రత్నమాలను అడిగి తెలుసుకుంటే ఇంకెప్పుడూ తప్పు రాయకుండా ఉండొచ్చనిపించింది.

పంచింగ్ గదిలో టకటకా చప్పుడు. రత్నమాల బెజవాడ వైపు నుంచి వచ్చిన పిల్ల. కార్డులు కొట్టే యంత్రం మీంచి చేతులు తీయకుండానే పలకరించింది.

"ఆర్డరొచ్చిందటగా భూలక్ష్మి గారూ! పార్టీ ఎప్పుడండీ?"

"ఇస్త తియ్. ముందు ఒక్క ముచ్చట చెప్పు. నూట పద్నాలుగో వరుస కాడ డ్రాయింగుల చుక్క లేదు కద. మరి ఆ రెండు గీతలు కలిసినయని నీకెట్ల తెలిసింది?"

రత్నమాల చేతులు ఆగాయి.

"డ్రాయింగు చదవడం నాకెక్కడొచ్చండీ? మీ పట్టీ కార్బన్ కాపీ పక్కన పెట్టుకుని, అందులో ఉన్నది ఉన్నట్టు కార్డులు కొట్టేశాను."