తాలులేని సంచి

గోనెసంచి మూతి విప్పగానే శ్రీరమ్య గుండె గుభేలుమంది.

సంచిలో ఒక్క తాలుకాయ లేదు! అన్నీ నిగనిగలాడే ఎర్రటి మిరపకాయలే.

శ్రీరమ్య దర్శి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి. ఎర్రకాయల్లో కలిసిన తెల్లటి తాలును ఏరిపారేసే రోబోను తోటిపిల్లలతో కలిసి తయారుచేసి, గుంటూరు పోటీకి తెచ్చింది. తాలే లేకపోతే రోబో ఏం ఏరుతుంది, తన తలకాయా?

అమ్మకు ఫోన్ చేసింది.

"నేనే కూర్చుని ఏరేశానమ్మా," అంది గురవమ్మ దగ్గుతూ. "గుంటూరోళ్ల ముందు తాలు పోస్తే మన పరువేం కావాల?"

శ్రీరమ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాయలేరే ఘాటుకు వచ్చే ఆ దగ్గు చూడలేకే కదా ఈ రోబో చేసింది!

పక్క బల్ల దగ్గర నీలం చొక్కాల కుర్రాళ్లున్నారు. వాళ్లదీ మిరపకాయలు ఏరే రోబోనే. వాళ్ల వంతు అయిపోయింది. అప్పటిదాకా వాళ్లే మొదటి స్థానంలో ఉన్నారు.

"కొంచెం తాలు ఇస్తారా?" అడిగింది.

"చేతుల్లేని రోబోకి తాలెందుకు?" అని నవ్వేసి సెల్ఫీలకు పోయారు.

"గెలిచాక నేనూ నవ్వుతాలే!" అంది శ్రీరమ్య వాళ్లకు వినపడేలా.

అప్పుడొచ్చాడో పెద్దాయన. నలిగిన చొక్కా, చంకలో గుడ్డసంచి. మిర్చి యార్డు నుంచి పొద్దుపోక వచ్చాడనుకుంది.

"పట్టుకోడానికి చెయ్యేదమ్మా దీనికి?"

"లేదండీ. ఎండుకాయని పట్టుకుంటే చిట్లుద్ది, ఘాటు లేస్తది. అందుకే ఊదేస్తాం. ఈ సైకిల్ ట్యూబు మీద కాయలు నడుస్తాయి. పైన ఫోన్ కెమెరా రంగు చూస్తది. తెల్లగా ఉంటే ఈ గొట్టం ఉఫ్‌మంటది. మా అమ్మ కందులు చెరిగేటప్పుడు పొట్టు ఎగరడం చూసి చేశాం."

ఆయన వంగి కళ్లార్పకుండా చూశాడు.

"చెయ్యి తగలకుండా ఏరడం! ఎంత తేలిక ఉపాయం! మాకెవరికీ తట్టలేదే!"

"జరగండి. మీ నీడ పడితే కెమెరాకి అన్నీ నల్లగానే కనపడతాయి," కసిరింది శ్రీరమ్య. "అయినా చూపిద్దామంటే తాలు ఏడ్చిందా? మా అమ్మ మొత్తం ఏరేసింది."

ఆయన నవ్వలేదు. గబగబా వెళ్లి, గుడ్డసంచి నిండా తాలు తెచ్చి బల్ల మీద కుమ్మరించాడు.

"ఎక్కడివండీ?"

"మిగిలిపోయినవిలే. తొందరగా కలుపు, వచ్చేస్తున్నారు."

అంతలోనే న్యాయనిర్ణేతలు రానే వచ్చారు. వాళ్లలో ఒకాయన రోబోనీ పిల్లనీ ఎగాదిగా చూశాడు.

"జిల్లా పరిషత్ స్కూలా? నిజం చెప్పు, ఎవరు చేసిపెట్టారు?"

శ్రీరమ్యకు ఒళ్లు మండింది.

"చేసిపెట్టేవాళ్లే ఉంటే ఈ సైకిల్ ట్యూబు ఎందుకండీ మాకు? ఇప్పుడే విప్పేసి మళ్లీ బిగిస్తా. టైం చూసుకోండి!"

అన్నంత పనీ చేసింది. ఒక్కో మరా ఊడదీసి, పదకొండు నిమిషాల్లో బిగించి, స్విచ్ నొక్కింది.

ఉఫ్! ఉఫ్! తాలు ఎగిరి పక్క గంపలో పడింది. ఒక్క ఎర్రకాయ చిట్లలేదు. చుట్టూ మూగిన జనంలో ఒక్కరూ దగ్గలేదు.

మొదటి బహుమతి శ్రీరమ్య వాళ్లదే. నీలం చొక్కాలకు రెండోది.

కప్పు పట్టుకుని శ్రీరమ్య హాలంతా గాలించింది. ఆ పెద్దాయనకు ఒక దండమైనా పెట్టలేదు, పైగా కసిరింది. తలుచుకుంటే సిగ్గేసింది.

గేటు దగ్గర వలంటీరు జాన్ బాషా కనిపించాడు.

"గుడ్డసంచి పెద్దాయన్ని చూశారా అన్నా?"

"నతానియేలు మాస్టారా? ఇప్పుడే బస్సెక్కి వెళ్లిపోయారమ్మా," అన్నాడు బాషా. "ఆ నీలం చొక్కాల పిల్లలకి రోబో చెయ్యడం నేర్పింది ఆయనేగా!"