గోలీకి ఎదురుగా ఒకడు

"ఇంకొక్కటి తన్నరా," అన్నాడు కృపానందం.

"నా మోకాలు అద్దెకి తెచ్చింది కాదురా బాబూ," అంటూ జకరయ్య ఇసకలో కూలబడ్డాడు.

ఎమిరేట్స్‌లో ఖోర్ ఫక్కాన్ రేవు పక్కన రెండు నూనె డబ్బాలే గోలుపోస్టులు. వాటి మధ్య కృపానందం. నలభై దాటాయి, పొట్ట వచ్చింది. అయినా బంతి వస్తే పక్కకి దూకడం మానలేదు. ఒకప్పుడు అతను కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి గోలీ. జకరయ్య అదే జట్టులో బ్యాక్ ఆడేవాడు. ఇప్పుడు అదే కాలేజీలో ఆటల మాస్టారు. అబుదాబి ఆస్పత్రిలో నర్సుగా ఉన్న చెల్లెలు జ్ఞానకుమారిని చూడటానికి వేసవి సెలవుల్లో వచ్చాడు. పనిలో పనిగా పాత స్నేహితుణ్ణి పలకరిద్దామని టాక్సీలో కొండలు దాటి ఇక్కడికి చేరాడు.

"నేను పోయాక నీకు బంతి తన్నేదెవర్రా?"

"గోడ. నేను తంతాను, అది తిరిగిస్తుంది. ఎటు వస్తుందో ముందే తెలిసిపోతుంది. అదేం ఆట."

శుక్రవారం సెలవు కాబట్టి కృపానందం కొట్టు మూసి ఉంది. రేవు కూలీలకీ ఓడలవాళ్లకీ సరుకులమ్మే కొట్టు అది. పేరుకి కఫీల్‌ది, అంటే వీసా ఇచ్చి అతన్ని పిలిపించుకున్న యజమానిది. ఆ అరబ్బు పెద్దాయన అద్దె రోజున తప్ప ఈ వైపు రాడు. మిగతా రోజులన్నీ కృపానందం ఒక్కడే.

కొట్టు వెనక గదిలో చేపల కూర వండాడు. అక్కడ మూడు మంచాలున్నాయి. ఒక్కదాని మీదే దుప్పటి ఉంది.

"ఇంకా ఎవరుంటార్రా?"

"వచ్చేవాళ్లు వస్తుంటారు. పోయేవాళ్లు పోతుంటారు. నువ్వు తిను."

జకరయ్య రెండు ముద్దలు తిని ఆగాడు. "ఆనందం, నేను ఊరికే రాలేదు."

"బందరు లడ్డూ పట్టుకొచ్చినప్పుడే అనుకున్నాను."

"మన జట్టుని మళ్లీ నిలబెట్టాలి. యూనివర్సిటీ కప్పు మనదే అనేవాళ్లు ఒకప్పుడు. ఇప్పుడు మొదటి ఆటకే ఇంటికొచ్చేస్తున్నాం. ఈ ఏడూ అంతే అయితే జట్టు ఎత్తేస్తానన్నాడు ప్రిన్సిపాలు. గ్రౌండులో హాస్టలు కడతారట. బూట్లకీ బంతులకీ నీ సాయం కావాలి."

కృపానందం సరుకు తెలిసిన కొట్టువాడు. బస్తా ఎవరు తెచ్చినా అడుగుదాకా చెయ్యి పెట్టి చూడందే దించుకునే మనిషి కాదు. పైన గింజ ఎప్పుడూ బాగానే ఉంటుంది.

"అసలెందుకు పడిపోయిందో చెప్పు ముందు."

"కుర్రాళ్లు నిలవడం లేదు. ఏటా ఒకణ్ణి తయారు చేస్తాను. నీకు రాస్తూనే ఉన్నాను కదా. రూబెన్ అని, రెండు కాళ్లతోనూ తన్నేవాడు. తర్వాత ఆ పొడుగు కుర్రాడు, తిమోతి. తీరా పోటీలు దగ్గర పడ్డాక మాయం. అడిగితే దుబాయ్ అంటారు. వీసా వచ్చిన సంగతి విమానం ఎక్కేదాకా కన్నతల్లి కూడా బయటపెట్టదు, దిష్టి తగుల్తుందని. ఎవరు పంపారయ్యా అంటే బొంబాయి ఏజెంటు అంటారు, అంతే. పోయేవాళ్లంతా గోలు కొట్టే ఫార్వర్డులే, నా ఖర్మ. బ్యాకులు ఎక్కడికీ పోరు, నాలాగే."

"నిన్నెవడు తీసుకెళ్తాడులే."

"నవ్వు, నవ్వు. ఇన్నేళ్లుగా ఇక్కడున్నావు. వాళ్లలో ఒక్కడన్నా కనబడలేదా?"

"దుబాయ్ అంటే శనివారం సంత అనుకున్నావా, ఎదురుపడటానికి? ఇవాళ ఒకచోట ఉంటాడు. రేపు ఎవడో నాలుగు దిర్హాములు ఎక్కువిస్తానంటే అబుదాబి చెక్కేస్తాడు. తిన్న కంచం కూడా కడగడు." కృపానందం గొంతు కాస్త మోటుగా పలికింది. కంచాలు తీసి పక్కన పెట్టాడు. "సరే. ఈ ఏడు నీ దగ్గరేముంది?"

జకరయ్య మొహం వెలిగింది.

"యోనా. రేవుపేట సైమన్ కొడుకు. నాన్నతో వల లాగి వచ్చి ఆడతాడు. వాడు ఎటు తంతాడో బంతికే తెలీదు. గోలీ ఇటు దూకుతాడు, బంతి అటు పోతుంది. వాడొక్కడు నిలిస్తే చాలు, మిగతావాళ్లని నేను వాడి చుట్టూ అల్లుకుంటాను."

"నన్ను కూడా దాటిస్తాడా?"

"నిన్నా? కూర్చోబెట్టి దాటిస్తాడు."

కృపానందం నవ్వాడు. నవ్వి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"పాస్‌పోర్టు ఉందా వాడికి?"

"నీకెందుకు?"

"ఉంటే వాడూ ఎగిరిపోతాడు. మరి నేను బూట్లు పంపేది ఎవడి కాళ్లకి?"

"రేవుపేటలో పాస్‌పోర్టు లేని కుర్రాడెవడు ఇప్పుడు? ఉంది. కానీ వీడు పోడురా. వీసా పంపడానికి వాళ్లకి ఇక్కడ చుట్టం కాదు కదా, ముఖం తెలిసినవాడు కూడా లేడు."

కృపానందం తల ఊపాడు. లెక్క కుదిరినప్పుడు కొట్లో కూడా అలాగే ఊపుతాడు.

"అయితే ఖలాస్, మాట అయిపోయింది. బూట్లు నావి, బంతులు నావి. మోకాళ్లు అరిగిపోయేదాకా ఆడించు."

జకరయ్య అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ రాత్రి ఖాళీ మంచాల్లో ఒకదాని మీద పడుకుని చాలాసేపు పాత ఆటల గురించి చెప్పాడు. చీకట్లో కృపానందం ఊఁ కొడుతూనే ఉన్నాడు.

తెల్లవారి కృపానందం టాక్సీలో బూట్ల పెట్టె ఎక్కించాడు. "మళ్లీ ఎప్పుడొస్తావు?" అని రెండుసార్లు అడిగాడు.

టాక్సీ కొండ మలుపు తిరగ్గానే కృపానందం కొట్టు తెరవకుండా నేరుగా కఫీల్ ఇంటికి నడిచి, మునుపు రూబెన్‌కీ తిమోతికీ అడిగి బొంబాయి ఏజెంటు చేత పంపించినట్టే, రేవుపేట సైమన్ కొడుకు యోనాకి ఒక వీసా అడిగాడు.