తోమండ్ పార్కులో కేక

"ఆ వచ్చేది మీవాడే కదూ?" జార్లత్ మోచేత్తో పొడిచాడు.

కోల్మన్ ఎర్ర మఫ్లర్‌ని మెడకి ఇంకో చుట్టు చుట్టుకుని, వానలోకి చూస్తూ కూర్చున్నాడు.

లిమరిక్ ఊళ్ళోని తోమండ్ పార్కు రగ్బీ మైదానంలో నీలం చొక్కా కుర్రాడు బంతిని గడ్డిమీద నిలబెడుతున్నాడు. ఆట ముగియడానికి ఒక్క నిమిషం ఉంది. ఈ ఊరివాళ్ళ ఎర్ర చొక్కాల జట్టు మన్‌స్టర్ రెండు పాయింట్లు పైన ఉంది. ఈ పెనాల్టీ కిక్కు ఆ రెండు స్తంభాల మధ్యనుంచి పోయిందంటే ఆ కుర్రాడి డబ్లిన్ జట్టుకి మూడు పాయింట్లు. ఆటా వాళ్ళదే.

"మాట్లాడవేంరా? కన్నది నువ్వు కాదా?" జార్లత్ ఊరుకోలేదు. "ఇందాకటి రెండు కిక్కులూ గురి తప్పాడు. ఇదీ తప్పాడంటే సాయంత్రం నీ బీరు ఖర్చు నాది. ఏ చొక్కా వేసుకుంటేనేం, లిమరిక్ పిల్లవాడు మనకే మేలు చేశాడని చెప్పుకుంటాం."

"నువ్వు కాస్త నోరు మూసుకో జార్లత్," అంది డింఫ్నా, భర్తకి అవతలి పక్కనుంచి.

ఆమె కూడా ఎర్ర కోటే వేసుకుంది. మెడదాకా బొత్తాలు పెట్టుకున్న ఆ కోటు లోపల నీలం స్కార్ఫు ఉన్న సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

కొడుకు ఓరన్‌ని మన్‌స్టర్ వద్దంది. డబ్లిన్ వాళ్ళు రమ్మంటే వెళ్ళాడు. ఆ రోజునుంచి, రెండేళ్ళుగా, తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. "ఇవాళ కూడా సరిగ్గా ఆడకపోతే వచ్చే ఏడు నన్ను జట్టులో ఉంచుకోరమ్మా," అని పొద్దున ఫోనులో చెప్పాడు వాడు.

"కోల్మన్," ఆమె భర్త చెవి దగ్గరికి వంగింది. "ఆటయ్యాక వాడి దగ్గరికి వెళ్దాం. గెలవనీ, ఓడనీ. ఒక్క మాట మాట్లాడు చాలు."

"ఆ చొక్కాతో నాకేం మాటలున్నాయి?"

"చొక్కాతో మాట్లాడమనలేదు. లోపలున్నవాడితో."

"ష్!" అన్నాడు కోల్మన్.

ఓరన్ నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడ్డాడు. అంతే, ఇరవై ఐదు వేలమంది ఒక్కసారిగా నోరు మూశారు. తోమండ్ పార్కు పద్ధతి అది. కిక్కు కొట్టేవాడు మనవాడైనా పరాయివాడైనా గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడకూడదు. జార్లత్ చిప్స్ పొట్లాన్ని చప్పుడు కాకుండా అరచేతుల్లో పట్టుకున్నాడు. ముందు వరసలో ఒకామె ఏడవబోయిన పసిదాన్ని గుండెలకి అదుముకుంది. ఈ వరసలో ముప్ఫై ఏళ్ళుగా ఎవరు దగ్గినా గుడ్లురిమి చూసినవాడు కోల్మనే. పోయినేడు ఫోను మోగిందని సొంత బావమరిదిని గేటు బయటికి పంపేశాడు.

ఓరన్ కదలడంలేదు. స్తంభాలను చూశాడు. బంతిని చూశాడు. మళ్ళీ స్తంభాలను. అతని వేళ్ళు నిక్కరు అంచుని నలుపుతున్నాయి. ఇందాక రెండుసార్లూ ఇలాగే నలిపాయి.

డింఫ్నా కళ్ళు మూసుకుంది.

"ఒరేయ్ ఓరన్!"

ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. పక్కన కోల్మన్ లేచి నిలబడి ఉన్నాడు.

"అది కాలా, చీపురుకట్టా? నీవల్ల ఏమవుతుందిరా! ఇంటికిపోయి మీ అమ్మకి బంగాళాదుంపలు ఒలిచిపెట్టు, పో!"

జనమంతా ఇటు తిరిగారు. జార్లత్ చేతిలోంచి పొట్లం జారిపోయింది. "నీకేమైనా పిచ్చెక్కిందా?" అని గొణిగాడు.

మైదానంలో ఓరన్ తల వంచాడు. భుజాలు ఒకసారి కదిలాయి. పరుగెత్తాడు. కొట్టాడు. బంతి వానలో పైపైకి లేచి స్తంభాల మధ్యనుంచి వెళ్ళిపోయింది.

విజిల్ వేశారు. మన్‌స్టర్ ఓడిపోయింది.

"బాగా అయింది! ఆ నోటికి అదే శాస్తి!" అన్నారెవరో వెనకనుంచి.

"మైదానం పరువు తీశావు కదయ్యా!"

"ఆ పిల్లవాడు సొంత కొడుకట! విన్నారా?"

జార్లత్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "ముప్ఫై ఏళ్ళు నీ పక్కన కూర్చున్నాను కోల్మన్. వచ్చే ఆటకి వేరే చోటు చూసుకుంటా," అని మొహం కూడా చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కోల్మన్ మఫ్లర్ సర్దుకుని కారు వైపు నడిచాడు.

కారు దగ్గర డింఫ్నా ఫ్లాస్కు తీసి తనకొక్కదానికే టీ పోసుకుంది.

"వాడు మీ జట్టుని వదిలిపోలేదు. మీ జట్టే వాణ్ణి పొమ్మంది. అది తెలిసీ రెండేళ్ళు సాధించావు. ఒక్క మాట మాట్లాడమని బతిమాలితే నీ నోటికి ఆ మాటలా వచ్చేది? అదీ అంతమంది ముందు?"

"చలిగా ఉంది. కారెక్కు."

"నేనెక్కను. వాడితోనే వెళ్తాను. నువ్వూ నీ మన్‌స్టరూ ఇంట్లో కూర్చుని ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోండి."

కోటు బొత్తాలు విప్పి, నీలం స్కార్ఫు బయటికి లాగి, అందరికీ కనపడేలా మెడచుట్టూ వేసుకుంది. కోల్మన్ దాన్ని చూశాడు. తడిసిన కారు అద్దాన్ని చేత్తో తుడుస్తూ నిలబడ్డాడు.

ఆమె ఫోను మోగింది.

"కన్నా, ఆయన మాటలు మనసులో పెట్టుకోకురా..." అంది డింఫ్నా.

"అమ్మా, ముందు నాన్నకి ఫోనివ్వు," అన్నాడు ఓరన్. "పెరట్లో పదేళ్ళు ఆయన తిడుతుంటేనే కదా కొట్టడం నేర్చుకున్నాను, ఆ నిశ్శబ్దంలో నాకు కాలే ఆడలేదు. మొదటి రెండుసార్లూ ఎందుకు నోరు మూసుకున్నాడో అడగాలి!"