పేర్లు రాసిన డిస్కులు

“పాత డిస్కులే కదా, షాపులవాళ్లంతా ఇచ్చారు,” అన్నం వడ్డిస్తుంటే మా ఆయన మూడోసారి అన్నారు.

“వాటిమీద పేర్లున్నాయి. రాసింది నేనే,” అన్నాను.

ఒంగోలులో నలభై ఏళ్లు కంప్యూటర్ షాపు నడిపాం. రిపేరుకొచ్చిన ప్రతిదానికీ ముందు డిస్కులోకి కాపీ తీసి, పైన సొంతదారు పేరు రాసి, తెరిచి చూడకుండా దాచేవాళ్లం. ఇప్పుడు కంప్యూటర్లు లేవు, ఇంటి గోడలే మాట్లాడతాయి. వాటికి మాటలు నేర్పే కంపెనీకి ఆ డిస్కులన్నీ ఇచ్చేశాం.

నిన్న, అప్పట్లో మా షాపులోనే కంప్యూటర్ బాగుచేయించుకున్న తాయారమ్మగారు వచ్చారు. “పోయిన మా ఆయన కంప్యూటర్లో నాకు రాసే ఉత్తరాల్లో నన్ను చిట్టిగువ్వా అనేవారు. పక్కింటి గోడ వాళ్ల కోడల్ని అలాగే పిలుస్తోందమ్మా! దానికెలా తెలుసు?” అని అడిగితే, తలొంచుకుని “ఏమో” అన్నాను.

“కోపం తగ్గించుకో, చిట్టిగువ్వా,” అంది ఇప్పుడు మా గోడ. భోజనానికి కూర్చున్న మనవలు పకపకా నవ్వారు.

నేను గరిటె కింద పెట్టాను.

“రేపు తాయారమ్మగారింటితో మొదలుపెడతాను. పేరున్న ప్రతి ఇంటికీ వెళ్లి, మనమే ఇచ్చామని చెప్తాను.”